వెనక్కి పంపిన కవరు
(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డు శిరస్తదారు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫ్యామిలీ కోర్టు గురించే. కొత్తగా చదువుతున్నవారికి ముందే ఒక మాట చెప్పాలి. నేను వకీలును కాను. నెల్లూరు జిల్లా కోర్టుల్లో టైపిస్టుగా చేరాను. ఏళ్ళ తరబడి బెంచి క్లర్కుగా జడ్జిగారి బల్ల ముందు కూర్చున్నాను. చివరికి శిరస్తదారుగా, అంటే కోర్టు ఆఫీసు సిబ్బందికి పెద్దగా, పదవీ విరమణ చేశాను. మీ కేసులో న్యాయం ఎవరి వైపుందో నన్నడిగితే చెప్పలేను. మీ కాగితం ఏ బల్ల దగ్గర ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో మాత్రం బాగా చెప్పగలను.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళి ఆరేళ్ళ కిందట కావలిలోనే చేశాం. అల్లుడికి హైదరాబాదులో ఉద్యోగం, కాపురమూ అక్కడే. గొడవలు ముదిరి రెండేళ్ళుగా అమ్మాయి, నాలుగేళ్ళ మనవడు మా దగ్గరే ఉంటున్నారు. సంక్రాంతికి ముందు హైదరాబాదు కోర్టు నుంచి అమ్మాయి పేర పోస్టులో కవరు వచ్చింది. తీసుకుంటే విడాకులకు ఒప్పుకున్నట్టవుతుందని మా బావమరిది చెబితే వెనక్కి పంపేశాం. ఇప్పుడు కేసు ఎక్స్‌పార్టీ అయిందంటున్నారు, అంటే మేం రాలేదని అవతలి పక్షం మాటే విని నడుపుతారట. అమ్మాయి ఇక్కడుంటే కేసు అక్కడెలా వేస్తారు? నెల్లూరుకు మార్పించుకోగలమా?
– ఒక తండ్రి, కావలి

జవాబు: మీ బావమరిదిగారికి నా నమస్కారాలు చెప్పండి. అలాంటి బావమరుదులు ఊరికొకరు ఉంటారు. నా సర్వీసులో ఎదుటి పక్షం వకీలు పాడుచేసిన కేసుల కన్నా వీళ్ళ సలహాలతో పాడైన కేసులే ఎక్కువ చూశాను.

కవరు తీసుకోవడం అంటే కేసు పడిన సంగతి మీకు తెలిసిందని, అంతే. విడాకులకు ఒప్పుకోవడానికీ దానికీ సంబంధం లేదు. తిరిగి వెళ్ళిన కవరు ఏమవుతుందో మీరు చూసి ఉండరు. పోస్టుమాన్ దాని మీద వాలుగా ‘తిరస్కరించారు’ అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం చేస్తాడు. అలాంటి కవరు నా బల్ల మీదకు వస్తే విప్పేవాడిని కాదు. అంచుకు చిల్లు వేసి, ట్యాగుతో కేసు కట్టకు కలిపేవాడిని. వాయిదా రోజు జడ్జిగారు కట్ట తిప్పి, ఆ ఒక్క మాట చూసి, నోటీసు అందినట్టేనని డాకెట్ మీద, అంటే ఏ వాయిదాకు ఏం జరిగిందో రాసే కాగితం మీద, రాసేవారు. అర నిమిషం కూడా పట్టేది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 9వ రూలు ప్రకారం, తీసుకోనని వెనక్కి పంపిన సమన్లు అందిన సమన్లతో సమానం.

సమన్లు ఇంటికి తెచ్చిచ్చే కోర్టు ఉద్యోగి అమీనా చేత పంపినా అంతే. మా అమీనా ఒకాయన సంచిలో ఎప్పుడూ చిన్న డబ్బాలో మైదా బంక ఉండేది. ఇంటివాళ్ళు కాగితం తీసుకోం అని మొండికేస్తే తలుపుకు నకలు అంటించి, ఇల్లు చూపించినవాళ్ళ పేరు, అంటించడం చూసినవాళ్ళ పేరు రిపోర్టులో రాసుకుని వచ్చేవాడు. ఒక ఊళ్ళో అలా అంటించిన కాగితాన్ని మేక తినేసింది. ఆ ఇంటివాళ్ళు కోర్టుకు వచ్చి, మాకు కాగితమే కనబడలేదు, కావాలంటే మేకనడగండి అన్నారు. కోర్టు హాలంతా నవ్వింది. అమీనా రిపోర్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక కేసు అక్కడెలా వేశారన్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 19వ సెక్షను ప్రకారం పెళ్ళి జరిగిన చోట వేయవచ్చు, కేసు వేసేనాటికి ఎదుటివారు ఉంటున్న చోట వేయవచ్చు, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన చోటా వేయవచ్చు. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలో వేసేవారి ఇష్టం. మీ అల్లుడు కావలిలోనూ వేయవచ్చు, కానీ తన గుమ్మం ముందున్న కోర్టును ఎంచుకున్నాడు. అందులో తప్పు పట్టలేం. 2003లో ఆడవాళ్ళ కోసం ఇంకొకటి చేర్చారు: భార్యే కేసు వేస్తే తానుంటున్న చోట వేసుకోవచ్చు. మీ అమ్మాయి ముందుగా వేసి ఉంటే ఈ పాటికి ఆయనే రైలెక్కి కావలి వస్తూ ఉండేవాడు. ఇప్పుడు పోటీగా ఇక్కడ విడాకుల కేసు వేస్తే లాభం లేదు. ముందు పడిన కేసు ఏ కోర్టులో ఉందో తరువాతి కేసు అక్కడికే వెళ్ళాలని 21ఎ సెక్షను చెబుతుంది. భరణం కేసు మాత్రం నిక్షేపంగా ఇక్కడే వేసుకోవచ్చు.

మార్పించుకోవడం గురించి చాలామంది పాత లెక్కలోనే ఉన్నారు. ఉమ్మడి హైకోర్టు ఉన్న రోజుల్లో హైదరాబాదు కేసును నెల్లూరుకు మార్చాలంటే ఆ ఒక్క హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేస్తే సరిపోయేది. అలా వచ్చిన కట్టలకు నేనే కొత్త నంబర్లు వేశాను. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకు రెండు హైకోర్టులు. అమరావతిలోని మన హైకోర్టు గుంటూరు కేసును నెల్లూరుకు మార్చగలదు కానీ హైదరాబాదు కేసును ముట్టుకోలేదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షను కింద సుప్రీంకోర్టుకే ఉంది. ఢిల్లీ అనగానే గుండె జారిపోనక్కర్లేదు. ఇలాంటి పిటిషన్లు అక్కడ నిత్యం పడుతూనే ఉంటాయి. చంటిబిడ్డ ఉండడం, తోడు వచ్చేవారు లేకపోవడం, దూరం, సంపాదన లేకపోవడం, ఇవన్నీ చూస్తారు. ఆడవాళ్ళకు అక్కడి లీగల్ సర్వీసెస్ కమిటీ ఉచితంగా వకీలును పెడుతుంది.

అదంతా తరువాతి మాట. ముందు కేసు ఏ దశలో ఉందో తెలుసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని అల్లుడి పేరు కొడితే బయటపడుతుంది. ఎక్స్‌పార్టీ అని రాసి ఇంకా తీర్పు ఇవ్వకపోతే 9వ ఆర్డరు 7వ రూలు కింద పిటిషన్ వేసి, దానితోపాటే కౌంటరు, అంటే కేసుకు మీ జవాబు, కూడా పెట్టేయండి. విడాకుల డిక్రీ కూడా అయిపోయి ఉంటే 13వ రూలు. దానికి గడువు 30 రోజులు. నోటీసు సరిగ్గా అందనివారికి ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిననాటి నుంచి లెక్క. మీ విషయంలో కవరు వెనక్కి పంపారు కనుక డిక్రీ తేదీ నుంచే లెక్క వేస్తారనుకుని పరుగెత్తండి. గడువు దాటితే ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్ వేసి, ఎన్ని రోజులు ఎందుకు ఆలస్యమైందో చెప్పుకోవాలి. అప్పీలు గడువు కూడా గడిచిపోతే అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకోవడానికి హిందూ వివాహ చట్టం 15వ సెక్షను అడ్డురాదు. అందుకే పరుగెత్తమన్నాను.

అఫిడవిట్‌లో మాత్రం ‘మాకు ఏ కవరూ రాలేదు’ అని రాయించకండి. ఆ కవరు కట్టలో ట్యాగుకు వేలాడుతూ ఉంటుంది. అది చూపించి అడిగితే మీ అమ్మాయి బోనులో నీళ్ళు నమలాలి. చెప్పుడు మాట విని నాన్న పంపేశాడని ఉన్నదున్నట్టు రాయండి. నేను చూసినంతలో, నిజం ఒప్పుకున్నవాళ్ళ మీద జడ్జీలు ఖర్చులు వేసి వదిలేశారు.

హైదరాబాదు కేసులోనే హిందూ వివాహ చట్టం 24వ సెక్షను కింద మధ్యంతర భరణం, రాకపోకల ఖర్చులు, వకీలు ఫీజు అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో దాన్ని వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. అడగనివారికి ఎవరూ ఇవ్వరు.

ప్రశ్న: రెండున్నరేళ్ళ కిందట భరణం కేసులో నాకు నెలకు నాలుగు వేలు ఇవ్వమని ఆర్డరు వచ్చింది. ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆయన చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలో మిషను ఆపరేటరు. డబ్బు పెరుగుతూనే ఉంటుంది కదా, పాప పెద్దదయ్యాక అంతా ఒకేసారి వసూలు చేసుకోవచ్చని ఊరుకున్నాను. సరేనా?
– ఒక సోదరి, కనిగిరి

జవాబు: సరికాదమ్మా. ఇది బ్యాంకులో వేసిన డిపాజిట్టు కాదు. బాకీపడిన ప్రతి నెలకూ విడిగా ఒక సంవత్సరం గడువు నడుస్తూ ఉంటుంది. ఆ లోపల పిటిషన్ వేస్తేనే వారెంటు ఇస్తారు. 30 నెలలకు మీకు రావలసింది లక్షా ఇరవై వేలు. ఈ రోజు పిటిషన్ వేస్తే వారెంటు మీద వసూలయ్యేది వెనకటి 12 నెలలది, అంటే నలభై ఎనిమిది వేలు. మిగతా డెబ్బై రెండు వేలకు ఆ దారి మూసుకుపోయింది. ఇంకో నెల ఆగితే ఇంకో నాలుగు వేలు అందులో కలుస్తాయి.

ఆ పాత బాకీని వదిలేయమని అనడం లేదు. భరణం ఆర్డరును సివిల్ కోర్టు డబ్బు డిక్రీలాగా కూడా అమలు చేయవచ్చని 2020 నవంబరులో రజనీష్, నేహా కేసు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. జీతం జప్తు అడగడానికి అది పనికొస్తుంది. వకీలుతో ఆ ముక్క ప్రత్యేకంగా మాట్లాడండి. వారెంటు పిటిషన్ మాత్రం ఈ వారమే పడాలి. ఆయన ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు చేత అమలు చేయించవచ్చు కనుక ఒంగోలు వైపు వేసినా చెల్లుతుంది. ఒక పిటిషన్ నడుస్తుండగా కొత్తగా పడే బాకీని అందులోనే అడుగుతూ ఉండవచ్చు. 2024 జూలై 1 నుంచి భరణానికి ఆధారమైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పాత 125వ సెక్షను పోయి కొత్త చట్టంలో 144వ సెక్షను వచ్చింది కదా, మీ ఆర్డరు చెల్లదని ఆయన తరఫువారు బెదిరిస్తారేమో. చెల్లుతుంది.

ఒక్కో నెల బాకీకి ఒక నెల వరకు జైలు వేయవచ్చు. కొందరు మగవాళ్ళు జైలుకు వెళ్ళి వస్తే లెక్క చెల్లయిపోయిందనుకుంటారు. చెల్లు కాదు, బాకీ బాకీగానే ఉంటుంది. ఒకాయన సబ్ జైలు నుంచి నేరుగా మా ఆఫీసుకు వచ్చి ‘రసీదు ఇవ్వండి’ అని అడిగాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వకీలు ఫీజుకు భయపడి ఆగి ఉంటే, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ఒంగోలు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో ఒక దరఖాస్తు రాసిస్తే చాలు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.

ప్రశ్న: నేను టీచరును. వచ్చే నెల నెల్లూరు ఫ్యామిలీ కోర్టులో నేను సాక్ష్యం చెప్పాలి. మా పిల్లల తల్లిదండ్రులు కూడా ఆ ఆవరణలో తిరుగుతుంటారు. పడకగది విషయాలు అంతమంది ముందు ఎలా చెప్పను? పైగా ఫ్యామిలీ కోర్టులో వకీలును రానివ్వరని ఎవరో అన్నారు.
– పేరు వద్దు, నెల్లూరు

జవాబు: అంతమంది ముందు చెప్పనక్కర్లేదమ్మా. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షను ప్రకారం ఇద్దరిలో ఏ ఒక్కరు కోరినా తలుపులు మూసి విచారణ చేయాల్సిందే. హిందూ వివాహ చట్టం 22వ సెక్షనులోనూ రహస్య విచారణే ఉంది. ఆ వివరాలు పత్రికలో వేస్తే వెయ్యి రూపాయల వరకు జరిమానా కూడా. మీ వకీలు చేత ముందు వాయిదాలోనే ఒక చిన్న మెమో వేయించండి. ఆ రోజు బంట్రోతు అందరినీ బయటకు పంపి తలుపు వేస్తాడు. లోపల జడ్జిగారు, మీ ఇద్దరు, వకీళ్ళు, టైపు చేసే ఒకరిద్దరు సిబ్బంది ఉంటారు. ఆ సిబ్బందిని చూసి సిగ్గుపడకండి. రోజుకు నాలుగు సంసారాలు వినేవాళ్ళం, సాయంత్రానికి ఎవరి మాట ఎవరిదో కూడా మాకు గుర్తుండేది కాదు.

వకీలు సంగతి సగం నిజం. ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షను ప్రకారం వకీలును పెట్టుకోవడం మీ హక్కు కాదు, కోర్టు అనుమతి కావాలి. ఆచరణలో వకాలతుతోపాటు అనుమతి పిటిషన్ వేస్తారు, ఇస్తారు. ఆ సెక్షను రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ వకీలు లేకుండా క్రాస్ పరీక్షలో నిలబడిన భార్యనుగానీ భర్తనుగానీ నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, అది మీకు ఎక్కువ అవసరం. మీ సాక్ష్యాన్ని ముందే రాసిచ్చే చీఫ్ అఫిడవిట్ వకీలు ఆఫీసులో తయారవుతుంది. టైపు చేసేవాళ్ళు పాత కేసుది తెరిచి పేర్లు మార్చడం కద్దు. సంతకం పెట్టే ముందు ఒక్కో పేరా వేలు పెట్టి చదువుకోండి. ఒకామె పెళ్ళి వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు పందిట్లో జరిగింది. అఫిడవిట్‌లో నెల్లూరు కల్యాణ మండపం అని పడింది. క్రాస్‌లో ‘పెళ్ళి ఎక్కడ జరిగిందమ్మా’ అని మొదటి ప్రశ్న. మా ఇంటి ముందే అంది. ‘మరి ఇందులో సంతకం ఎవరిది’ అన్నాడు ఎదుటి వకీలు. ఆ తరువాత ఆమె నోట వచ్చిన నిజాలన్నీ కూడా అబద్ధాల్లాగానే వినిపించాయి.

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. పెద్దమనుషుల్లో కూర్చుని, నేనూ నా భార్యా వంద రూపాయల స్టాంపు కాగితం మీద విడాకులు రాసుకున్నాం. నోటరీ కూడా అయింది. ఏడాదిన్నరగా ఎవరి దారి వారిది. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. ఇబ్బంది ఉందా?
– ఒంగోలు పాఠకుడు

జవాబు: ఉంది. ఆ కాగితంతో విడాకులు రావు. మీ కులంలో అలా విడిపోయే ఆచారం అనాదిగా ఉందని కోర్టులో రుజువు చేయగలిగితే హిందూ వివాహ చట్టం 29వ సెక్షను కాపాడుతుంది. కానీ ఆ రుజువు నోటి మాటతో అయ్యేది కాదు. అది లేకుండా ఇంకో పెళ్ళి చేసుకుంటే ఆ పెళ్ళి చెల్లదు. పైగా ఏడేళ్ళ వరకు జైలు పడే నేరం. నోటరీ ముద్ర చూసి మురిసిపోకండి. మీరు సంతకం పెట్టారనడానికే అది సాక్ష్యం.

ఇద్దరికీ ఇష్టమే కనుక 13బి కింద కలిసి పిటిషన్ వేయండి. ఏడాది పైగా విడిగా ఉండాలన్న షరతు మీకు తీరింది. ఆ స్టాంపు కాగితం అది చూపించడానికి పనికొస్తుంది, దాచుకోండి. పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా మళ్ళీ వెళ్ళి అదే మాట చెప్పాలి. విడిగా ఉండడం మొదలై ఏడాదిన్నర నిండిపోయి, భరణం, పిల్లల సంగతి అన్నీ తేలిపోయి, రాజీకి ఆశ లేకపోతే ఆ ఆరు నెలలు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మొదటి హాజరీ అయిన వారం తరువాత ఆ పిటిషన్ వేసుకోవచ్చు. ఈ లోపల ఆమె మనసు మార్చుకుంటే మాత్రం కథ మొదటికి వస్తుంది. అందుకని సంబంధాలు చూసేవాళ్ళను కాస్త ఆగమనండి. డిక్రీ నకలు ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని 23వ సెక్షనులో ఉంది, అడిగి తీసుకోండి.

ప్రశ్న: నేను వేసిన కేసు వాయిదాకు పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా ఉన్నాను. నా పేరు పిలవనే లేదు. తరువాత అడిగితే కేసు కొట్టేశారన్నారు. ఇదేం అన్యాయం?
– పొదిలి పాఠకుడు

జవాబు: పిలిచే ఉంటారు. పదిన్నరకు కోర్టు మొదలవగానే అన్ని కేసులూ వరసగా ఒకసారి పిలుస్తారు. బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు అరుస్తాడు. సరిగ్గా ఆ వేళకే జనం టీ కొట్టు దగ్గరో, జిరాక్సు షాపు దగ్గరో ఉంటారు. పైగా పిలిచేది కట్ట మీద ఉన్న పేరు. మీది వాడుక పేరు ఒకటి, ఆధారు పేరు ఒకటి అయితే మీ ముందే అరిచినా మీకు తెలియదు.

మీరు రానందువల్ల కొట్టేసిన కేసును మళ్ళీ తెరవమని 9వ ఆర్డరు 9వ రూలు కింద అడగవచ్చు. కొట్టేసిన రోజు నుంచి 30 రోజులే గడువు. ఆ రోజు కోర్టుకు వచ్చినట్టు ఏ ఆధారం ఉన్నా జతచేయండి. పొదిలి నుంచి ఒంగోలుకు బస్సులో వెళ్ళి ఉంటే టిక్కెట్టు పారేశారా?